చోటుకు వేసిన చిక్కం

భువనగిరి దాటి వలిగొండ రోడ్డులో కొంచెం దూరం పోయాక, ఎడమ చేతి వైపు ఒక రేకుల షెడ్డు ముందు ‘మమత కుక్కల శిక్షణ కేంద్రం’ అని బోర్డు ఉంటుంది. కిరాణం దుకాణానికైనా బోరు బండికైనా ఇంటి ఆడపిల్ల పేరు పెట్టుకోవడం ఆ దిక్కున మామూలే. అందుకని మమత అంటే ఓనరు బిడ్డ కాబోలని చాలామంది అనుకునేవారు. మామిడి తోట హనుమంతు కూడా అట్లా అనుకునే బండి దిగాడు.

షెడ్డు ముందు ముప్పై దాటిన ఒకామె, చుడీదారు మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, నల్లటి లాబ్రడార్ కుక్కకు గోళ్లు కత్తిరిస్తోంది.

“సారు లేడామ్మా?” అని అడిగాడు హనుమంతు.

“ఏ సారు కాకా?”

“గదే, కుక్కలకు నేర్పే సారు.”

“నేర్పేది నేనే. కూసో. ఏం కుక్క మీది?”

హనుమంతు కూర్చోలేదు. ఆమె భుజం మీదుగా షెడ్డు లోపలికి తొంగి చూశాడు. ఆమె భర్త సైదులు తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ బయటికి రాగానే అతని మొహం తేటపడింది. తన గోడంతా సైదులు వైపు తిరిగి మొదలుపెట్టాడు. సైదులు రెండు మాటలు విని చెయ్యి అడ్డం పెట్టాడు.

“నాది డీసీఎం బండి నడిపే పని కాకా. కుక్కల సంగతి ఆమెకు చెప్పు. నేను చెప్తే గీ కుక్కలు కూడా ఇనయి.”

ఆమే మమత. ఆమెకు ఇట్లాంటివి కొత్త కావు. వీటికి కోపం తెచ్చుకోవడం ఎప్పుడో మానేసింది. గోళ్ల పని ముగించి, లాబ్రడార్‌ను లోపల కట్టేసి వచ్చి, హనుమంతు ఎదుట స్టూలు లాక్కుని కూర్చుంది. ఇక అతనికి చెప్పక తప్పలేదు.

అతని తోటలో ఒక గ్రేట్ డేన్ కుక్క ఉంది. అది పిల్లగా ఉన్నప్పుడు చుట్టం ఒకాయన ఇచ్చాడు. అప్పుడు ఒళ్లో పట్టేంత ఉండేది కనుక, హిందీలో చిన్నది అనే అర్థంలో చోటు అని పేరు పెట్టారు. ఇప్పుడు నడుం ఎత్తుకు పెరిగి, నిండు మనిషి బరువుంది. పోయిన నెల తోట కాపలా మనిషి రాములు మెడపట్టీ పట్టుకుని గుంజబోతే అతని ముంజేతిని కండ లేచేట్టు కొరికింది. రాములు దవాఖానలో కుట్లు వేయించుకుని, సూదులు తీసుకుని, మళ్లీ తోట మొహం చూడనని ఊరికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి చోటు పంపు షెడ్డు పక్కన గొలుసు మీదే ఉంది. అన్నం గిన్నెను పొడుగాటి కట్టెతో నెట్టడమే తప్ప, దగ్గరికి పోయినవాళ్లు లేరు.

“మెడ కాడ వాసనొస్తాంది. పురుగులు పడ్డయో ఏమో. డాక్టరేమో, ముందు మూతి కట్టుండ్రి, అప్పుడొచ్చి సూదిస్త అంటడు. మత్తు గోలీలు మాంసంల పెట్టిస్తే మాంసం తిని గోలీలు కక్కింది. మూతి ఎవడు కట్టాలె?”

“నేను కడత.”

హనుమంతు ఆమె మణికట్ల వైపు చూశాడు. “బిడ్డా, అది నీకంటె బరువుంటది. ఒక్క గుంజు గుంజితే...”

“నీకంటె కూడా దానికే బలమెక్కువ కాకా. రాములు కంటె కూడా. బలంతోని అయ్యే పనైతే గిప్పటికి ఎవరో ఒకరు చేసేటోళ్లే కద?”

ఈ మాట ఆమె గొప్పకు అన్నది కాదు. నారాయణపేట దగ్గరి పల్లెలో ఆమె తండ్రి గాలయ్యకు పొలంతో పాటు గొర్రెల మంద ఉండేది. మందతో పాటు తోడేళ్లను తరిమే కుక్కలుండేవి. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో మమత డిగ్రీ పూర్తి చేసి, హైదరాబాదు శివార్లలోని ఒక కుక్కల శిక్షణ కేంద్రంలో చేరింది. అక్కడ మొదట ఆమెకు ఇచ్చింది గదులు కడిగే పని. పెద్ద కుక్కలను మగవాళ్లకు, బొచ్చు కుక్కపిల్లలను ఆడవాళ్లకు పంచేవారు. అవకాశం కోసం పోట్లాడి, తర్వాత జర్మన్ షెపర్డ్‌లను, రాట్‌వైలర్లను తయారు చేసింది. ఆమె ఎడమ చేతి మీద ఒక పొడుగాటి మచ్చ ఉంది. అడిగినవాళ్లకు దాచకుండా చెప్తుంది: అది రాట్‌వైలర్ చేసింది కాదు, అందరూ సాధువని చెప్పుకునే లాబ్రడార్ చేసింది, ఎముక నములుతుంటే ఏమనదులే అని తాను చెయ్యి పెట్టినందుకు.

మర్నాడు పొద్దున్నే సైదులును వెంటబెట్టుకుని తోటకు వెళ్లింది. హనుమంతు భార్య లీలమ్మ ఎదురొచ్చి, “గాజులు తీసి పో బిడ్డా. గాజుల సప్పుడుకు కుక్కలు రేగుతయట,” అంది.

“సప్పుడుకు రేగది పెద్దమ్మా. సప్పుడు లేకుంట ఎనకనుంచి పోతే రేగుతది. నేనొచ్చేది దానికి తెల్వాలె,” అని మమత నవ్వింది.

తమాషా చూడ్డానికి పక్క తోటల వాళ్లు కూడా చేరారు. మమత మొదట చేసిన పని వాళ్లందరినీ గేటు అవతలికి పంపడం. హనుమంతు ఇంటి కోడలు మనీష ఒక్కతే ఉంటానని బతిమాలింది. చోటుకు చిన్నప్పుడు పాలు పట్టింది ఆమే. చెట్టు నీడలో కూర్చుని కదలకుండా ఉంటానంటే మమత సరేనంది.

పంపు షెడ్డు దగ్గర నేల గుండ్రంగా అరిగి, గడ్డి లేకుండా ఉంది. గొలుసు ఎంతవరకు అందుతుందో ఆ నేలే చెప్తోంది. మమత కట్టె తీసుకుని ఆ అంచుకు మూరెడు ఇవతల గీత గీసింది. “ఇదీ మన ఇల్లు. గీత దాటేది లేదు,” అని సైదులుకు చెప్పింది. తర్వాత గొలుసు కొక్కేన్ని, గోడలో దిగిన మేకును దూరం నుంచే పరకాయించి చూసింది. గట్టిగానే ఉన్నాయని నమ్మకం కలిగాక కూర్చుంది. చోటుకు ఎదురుగా కాదు, పక్కకు తిరిగి, దాని కళ్లలోకి చూడకుండా.

చోటు ఉరికి వచ్చింది. గొలుసు ఖంగుమంది. ఆ మొరుగుడుకు షెడ్డు రేకులు అదిరాయి. మమత గుండె కూడా అదిరింది. ఎన్ని కుక్కలను చూసినా ఆ మొదటి ఊపుకు ఒళ్లు జలదరించకుండా ఉండదు. ఉండాలని కూడా ఆమె కోరుకోదు. జేబులోంచి ఉడికించిన కోడి కార్జం ముక్క తీసి దాని ముందుకు విసిరింది. అది తినలేదు. మొరుగుతూనే ఉంది. ఇంకో ముక్క విసిరింది.

కొంతసేపటికి మొరుగుడు ఆగి ముక్క మాయమైంది. ఈలోపు మమత చూడాల్సింది చూసింది. పిల్లగా ఉన్నప్పుడు వేసిన మెడపట్టీనే ఇంకా ఉంది. కుక్క పెరిగింది, పట్టీ పెరగలేదు. అది తోలును కోసి కండలోకి దిగింది. మెడ చుట్టూ పుండు.

“రాములు పట్టి గుంజింది గీ పట్టీనే,” అని ఆమె మనీషతో అంది. “దానికి కోపం కాదు, నొప్పి. మెడ దిక్కు చెయ్యి వస్తే సాలు, పానం పోతదనుకుంటాంది.”

మనీష కళ్లు నిండాయి. “మేం చూడనే లేదక్కా.”

“ఎట్ల చూస్తరు? దగ్గరికి పోతే కదా.”

చిక్కం అంటే ఎడ్లు పైరు మేయకుండా మూతికి కట్టేదే. మమత తెచ్చినది అట్లాంటిదే, కాకపోతే తీగెతో గుల్లగా అల్లింది. అది వేసుకుని కుక్క నోరు తెరిచి రొప్పగలదు, నీళ్లు తాగగలదు, కరవలేదు. దాని లోపల పెరుగన్నం, కార్జం మెదిపి రాసి, గీత ఇవతల కూర్చుని చెయ్యి చాచి పట్టుకుంది. మొదటి రోజు చోటు దాన్ని చూసి వెనక్కి తగ్గింది. సాయంత్రానికి ముక్కు పెట్టి ఒక నాకు నాకి వెళ్లిపోయింది. మర్నాడు మూతి మొత్తం పెట్టింది. మమత చిక్కం పట్టీ బిగించలేదు. తినడం కాగానే తనే వెనక్కి తీసుకుంది. హనుమంతుకు ఓపిక నశించి గేటు దగ్గర నుంచి కేక వేశాడు.

“మూతి పెట్టింది కద! కట్టెయ్యి!”

“గిప్పుడు కడితే మల్ల ఎన్నడు మూతి పెట్టదు కాకా. జర ఓపిక పట్టు.”

పుండు ఆగదని ఆమెకూ తెలుసు. అందుకే రోజులో ఎన్నోసార్లు, కొద్దికొద్దిసేపే కూర్చుంది. ఆ తర్వాతి పొద్దు చోటు చిక్కం కనపడగానే తోక ఊపుతూ తనే మూతి దూర్చింది. అప్పుడు సైదులు వెంట తెచ్చిన పెద్ద చెక్క పలకను మమత పక్కన అడ్డంగా, ఎప్పుడైనా ముందుకు జరపడానికి వీలుగా పట్టుకున్నాడు. ఆమె వేళ్లు చోటు చెవుల వెనక్కి, పుండుకు పైకి మెల్లగా వెళ్లాయి. చిక్కం పట్టీ బిగుసుకుంది. చోటు ఒక్క విదిలింపు విదిలించి, చిక్కం లోపల మిగిలిన పెరుగన్నం నాకే పనిలో పడింది.

డాక్టరు వచ్చి మత్తు సూదిచ్చాడు. మెడపట్టీ కోసి తీశాడు. పురుగులు ఏరి, మందు వేసి, రేబీస్ టీకా కూడా వేసి వెళ్లాడు. ఇక మెడకు ఏమీ కట్టవద్దన్నాడు. మమత ఛాతీకి వేసే వెడల్పాటి పట్టీ తెప్పించింది. గొలుసు బదులు గట్టి ఇనుప జాలితో ఒక గది కట్టించింది.

మనీష చెట్టు కింద నుంచి తన ఫోనులో అంతా వీడియో పట్టింది. అది ఊరు ఊరంతా తిరిగింది. ‘తల్లి ప్రేమకు లొంగిన భయంకర శునకం’ అని ఎవరో దాని మీద రాశారు కూడా. భువనగిరి సంతలో ఒకాయన మమతను గుర్తుపట్టి, “ఆడోళ్ల చేతిల ఏదో ఉంటదమ్మా. మగోడు పోతే కరుస్తది, ఆడమనిషి పోతే పండుకుంటది,” అని దండం పెట్టాడు. హనుమంతు కూడా ఆ మాటే పదిమందికి చెప్పసాగాడు.

నీవల్ల కాదన్న మాట కంటే ఈ పొగడ్తే మమతకు ఎక్కువ గుచ్చుకుంది. “వెనుకట నేను ఆడదాన్ని కాబట్టి చాతగాదు అన్నరు. గిప్పుడు ఆడదాన్ని కాబట్టే చాతనైంది అంటాండ్రు. నేర్చుకున్న అని ఎవ్వరు అనరు,” అంది సైదులుతో.

“పోనీ, మంచిగనే అంటాండ్రు కద?” అన్నాడు సైదులు.

“మంచిగ కాదు. ఇది నమ్మి ఎవరో ఒకామె ఉత్త చేతులతోని పోతది.”

అన్నంత పనీ అయింది.

ఆ వారమే ఒక మధ్యాహ్నం మమత తోటకు చేరేసరికి జాలి గది నుంచి సన్నగా, ఆగకుండా ఒక గుర్రు వినిపిస్తోంది. మొరుగుడు కంటే ఆమె భయపడేది ఈ శబ్దానికే. లోపల మనీష జాలికి వీపు ఆనించి నిలబడి ఉంది. చోటుకు చిక్కం లేదు. దాని ముందు అన్నం గిన్నె ఉంది. అది గిన్నెకు, తలుపుకు మధ్య నిలబడి పళ్లు బయటపెట్టింది. తింటుండగా మెడ పుండు ఎట్లా మానుతోందో చూద్దామని మనీష చెయ్యి వేసిందని తర్వాత తెలిసింది.

మనీష మణికట్టు మీద నెత్తురు కనిపిస్తోంది. ఆమె కాళ్లు పరుగుకు సిద్ధమవుతున్నాయి.

“మనీషా, ఉరకకు,” అంది మమత. కేక వేయలేదు. పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడినట్టు అంది. “చేతులు రొమ్ము మీద పెట్టుకో. దాని దిక్కు చూడకు. నా చెప్పులు చూడు. నేనొస్తున్న.”

“అక్కా...”

“మాట్లాడకు. మంచిగ నిలవడ్డవు. గట్లనే ఉండు.”

మమత చేతులు చేయాల్సింది చేసుకుపోయాయి. జేబులోని కార్జం మొత్తం తీసి జాలి మీదుగా అవతలి మూలకు విసిరింది. చోటు తల తిప్పింది, కదలలేదు. గోడకు ఆనించిన చెక్క పలకను ముందుకు పట్టుకుని, తలుపు తీసి, జాలి వెంబడే మనీష ముందుకు పక్కపక్కగా అడుగులు వేసింది. చోటు దూకింది. పలక మీద దెబ్బ ఆమె భుజం దాకా పాకింది. వెనక్కి నెట్టలేదు, ఎదురు నిలవలేదు, పలకను వాలుగా తిప్పి ఆ ఊపును పక్కకు పోనిచ్చింది. అప్పటికే పలక వెనక మనీష ఉంది. ఇద్దరూ ఒకరి అడుగులో ఒకరు వెనక్కి నడుచుకుంటూ బయటపడ్డారు. గడియ పడింది. చోటు ఒకసారి జాలిని గుద్ది, వెనక్కి పోయి మూలలోని ముక్కలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

మమత మనీషను నేరుగా నల్లా దగ్గరికి తీసుకెళ్లింది. “సబ్బు పెట్టి కడుగు. ఇంకా కడుగు. నీళ్లు పారనీ. గాయం చిన్నదైనా దవాఖానకు పోవుడే, సూదులు ఏసుకునుడే,” అని పక్కనే నిలబడి కడిగించింది.

దవాఖాన నుంచి వచ్చేసరికి హనుమంతు వాకిట్లో అగ్గిలా ఉన్నాడు.

“సాలు! ఆడోళ్ల చేతికి కుక్కనిచ్చుడు నాదే తప్పు. రేపే ఎవడన్నా దిట్టమైన మగోణ్ని చూసి పెడత. లేకుంటె ఎవరికన్నా ఇచ్చేస్త.”

మమత తొణకలేదు. “కాకా, రాములును పట్టిన నాడు, మగోళ్ల చేతికి కుక్కనియ్యొద్దు అన్నవా?”

హనుమంతు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. మమత ఆగకుండా చెప్పింది.

“రాముల్ది తెలియక చేసిన పని. మనీషది గూడ తెలియక చేసిన పనే. ఆయన బలం ఉంది కద అని పోయిండు. ఈమె ప్రేమ ఉంది కద అని పోయింది. నాకు ప్రేమ లేక కాదు. గని నేను బతికి బయటవడ్డది ప్రేమతోని కాదు, చిక్కంతోని, చెక్క పలకతోని. తింటున్న కుక్క మీద చెయ్యి వెయ్యొద్దని ఈమెకు నేను ముందే చెప్పాల్సింది. చెప్పలే. గిప్పటిసంది చెప్త.”

“ఇంకేం చెప్తవు? ఇంకోసారి దాని దగ్గరికి పోతదా ఈమె?”

“పోత మామా,” అంది మనీష. కట్టు కట్టిన చెయ్యి కొంగులో పెట్టుకుని ఉంది. గొంతు చిన్నదే గానీ తడబడలేదు. “నేర్చుకొనే పోత. రోజూ దాని కాడుండేది నేనే కద. మగోడు జీతానికొస్తడు, పోతడు.”

లీలమ్మ ఇంట్లోంచి, “నేర్చుకోనియ్యి. నువ్వు కట్టెతోని నెట్టిన నెలదినాలు సాలు,” అని కేక వేసింది. హనుమంతు తలగుడ్డ దులిపి తోటలోకి వెళ్లిపోయాడు. అది ఆయన ఒప్పుకోవడమే.

అప్పటి నుంచి మామిడి పూత వచ్చేదాకా మనీష నేర్చుకుంది. మొదట్లో మమత ఆమెకు కుక్కను ఇవ్వనే లేదు. తాడు ఇచ్చింది. దాన్ని మణికట్టుకు చుట్టుకోవద్దని, అరచేతిలో మడతలుగా పట్టుకోవాలని, అవసరమైతే చెట్టుకు సగం చుట్టు తిప్పితే మనిషి బరువుతో పని లేదని చూపించింది. సైదులును కుక్కగా నిలబెట్టి గుంజించింది. సైదులు మొరిగి మరీ గుంజాడు. మనీష నవ్వు ఆపుకోలేక చెట్టుకు వాలింది. తర్వాత చోటు ఒళ్లు చదవడం. చెవులు ముందుకు నిక్కితే ఏంటి, తోక గట్టిపడితే ఏంటి, ఒళ్లంతా ఒక్కసారిగా కదలకుండా అయిపోతే ఏంటి. “మొరిగే కుక్క నీతోని మాట్లాడతాంది. మాట బంద్ చేసినప్పుడే నువ్వు దూరం జరగాలె,” అని మమత చెప్పేది. గిన్నె పెట్టినప్పుడు దూరంగా నిలబడి, గిన్నెలోకి ఇంకో మంచి ముక్క విసిరి వెళ్లిపోవడం నేర్పింది. మనిషి వస్తే తిండి పోదు, ఇంకా వస్తుంది అని కొన్నాళ్లకు చోటుకు అర్థమైంది.

చోటు సాధువేమీ కాలేదు. కొత్తవాళ్లు వస్తే చిక్కం పడాల్సిందే. పిల్లలను దగ్గరికి రానిచ్చేది లేదు. గేటు మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాయించమంది మమత. హనుమంతు పెయింటరును పిలిచి రాయించాడు.

పూత రాలి పిందె పడే రోజుల్లో ఒక పొద్దున మనీష మొదటిసారి చోటును తోట దాటించి బండ్ల బాట మీదికి తీసుకెళ్లింది. ఛాతీ పట్టీ, మూతికి చిక్కం, చేతిలో తాడు. మమత చాలా వెనకగా నడుస్తోంది. హనుమంతు మడికట్టు మీద నిలబడి చూస్తున్నాడు. మలుపులో ఎదురుగా దుమ్ము లేచింది. గొర్రెల మంద బాట నిండుగా వస్తోంది. వెనక తల నెరసిన కాపరి ఉన్నాడు.

చోటు ఆగింది. చెవులు నిక్కాయి. తోక కట్టెలా అయింది. ఒళ్లంతా బిగిసింది.

మమత చేయి తనంతట తానే ముందుకు లేచింది. తాడు అందుకోవాలని ఒక్క అడుగు వేసింది. వేసి ఆగిపోయింది.

మనీష తాడును గుంజలేదు. చోటు పేరు పిలిచి, తను ముందు పక్కకు తిరిగి, బాట దిగి వేపచెట్టు వెనక్కి నడిచింది. అది రాలేదు. మళ్లీ పిలిచింది. ఈసారి దాని తల తిరిగింది, తర్వాత ఒళ్లు తిరిగింది. చెట్టు మొదలుకు తాడు సగం చుట్టు తిప్పి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది.

కాపరి దూరం నుంచే ఆ ఎత్తు చూసి బెదిరాడు. “ఓ బిడ్డా! గంత కుక్క నీతోని ఆగదు. ఎవరన్నా మగోళ్లకియ్యి!” అని అరిచాడు.

హనుమంతు మడికట్టు మీద నుంచి కదిలాడు. మమత అతని వైపు చూసింది. అతను అక్కడే ఆగాడు.

“నువ్వు మందను దాటియ్యి తాతా,” అంది మనీష, చోటు మీద నుంచి కళ్లు తీయకుండా. “ఇది నా కాడుంది.”

కాపరి ఇంకా కాస్త తటపటాయించి, నాలుకతో టక్కుమని శబ్దం చేసి మందను కదిలించాడు. గొర్రెలు ఒకదాన్నొకటి రాసుకుంటూ, బాట అవతలి అంచు పట్టుకుని పోయాయి. చోటు ఒక్కసారి ముందుకు ఊగింది. తాడు చెట్టు మొదలుకు బిగుసుకుంది. మనీష చెయ్యి చెక్కుచెదరలేదు. మంద తోక భాగం దాటేసరికి చోటు పెద్దగా ఆవులించి, చెట్టు నీడలో కూలబడింది. మనీష కార్జం ముక్కను చిక్కం సందులోంచి దాని నోటికి అందించింది.